మేడ నేల అదురు



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము మీకు మిక్కిలి చిన్నదిగా తోపవచ్చును. మేడమీద నొకరు నడచునపుడు నేల అదురుట, ఆ అదురువలన అచ్చట కూర్చున్నవారికిని పండుకొన్నవారికిని కలుగు ఇబ్బంది: ఇంతమాత్రమే నా విషయము. ఇల్లు కూలుటను గూర్చి గాని గోడ పగులుటను గూర్చి గాని నేను చెప్పబోవుట లేదు. వట్టి అదురునకొక చరిత్ర యుండునా యని మీరడుగవచ్చును. ఇన్నూఱేండ్ల చరిత్ర యున్నది. అందులో వడ్రంగులున్నారు, సిపాయిలున్నారు, శాస్త్రజ్ఞులున్నారు. తమకు తెలియనిదానిని లేదని చెప్పిన ఇంజనీరులును ఉన్నారు. వారిలో నేనొకడను గావున మొదట నా సంగతి చెప్పుకొని, పిమ్మట చరిత్రలోనికి పోయెదను.

1979లో నేను ఉద్యోగమున చేరిన క్రొత్తరోజులు. ఒక పట్టణములో బాలికల పాఠశాలకు మేడమీద క్రొత్త గదులు కట్టిరి. ఇనుప దూలములు వేసి వానిపై పలుచని కాంక్రీటు పలక పోసిరి. గది విశాలమైనది. ఈ గోడ నుండి ఆ గోడకు ముప్పది అడుగులు. నడుమ స్తంభము లేదు. ఆ గదిలో బాలికలకు కుట్టుపని నేర్పు పంతులమ్మగారొకరు పై యధికారులకు అర్జీ పెట్టుకొనిరి. పిల్లలు గుంపుగా నడచునపుడెల్ల నేల అదురుచున్నదనియు, సూదిలో దారమెక్కించుట కష్టమగుచున్నదనియు, సాయంకాలమునకు తల తిరుగుచున్నదనియు ఆ అర్జీ సారాంశము. దానిని విచారించుటకు నన్ను పంపిరి.

నేను పోయినది ఆదివారము. పిల్లలు లేని దినమైన పని తెఱపిగా సాగునని అట్లు ఏర్పాటు చేసికొంటిని. కూలీలచే ఇసుక బస్తాలు మోయించి, నేలపై పేర్పించి, దూలము నడుమ నెంత వంగినదో కొలిచితిని. నియమము ప్రకారము వంగదగినదానిలో సగమైనను వంగలేదు. గది తాళము తీయుటకై వచ్చిన పంతులమ్మగారితో, "అమ్మా, ఈ నేల మీద ఏనుగును నిలిపినను భయము లేదు. అదురన్నది మీ మనసులోని భయమే కాని వేఱు కాదు" అంటిని. ఆమె నా తల్లి వయసుది. కోపపడలేదు. "బాబూ, ఇది కూలిపోవునని నేననలేదు. దీనిమీద కూర్చుండి సూది పట్టలేకున్నానంటిని" అనెను. నేను చిఱునవ్వు నవ్వి, నేల క్షేమముగా నున్నదనియు, ఫిర్యాదు భ్రమ యనియు వ్రాసి పంపితిని.

ఆ వ్రాతలో మొదటి మాట నిజము, రెండవ మాట అబద్ధము. ఆ తప్పు నేనొక్కడనే చేయలేదనియు, నాకు పూర్వము అనేక దేశములలో అనేకులు చేసిరనియు, కొందఱు దానిని దిద్దుకొనిరనియు పిమ్మట చదివి తెలిసికొంటిని. ఆ దిద్దుబాటు కథయే నేటి చరిత్ర.

అదురన నెట్టిదో మొదట చూతము. కాలువకు అడ్డముగా వేసిన తాటిమొద్దు మీద మనమందఱము నడచినవారమే. మొద్దు పొట్టిదైనచో కదలదు. పొడుగైనదైనచో మనము నడుమకు వచ్చునప్పటికి అది అడుగుతో కూడ క్రిందికిని మీదికిని ఊగును. అడుగు మార్చి, మఱికొంత నిదానముగా నడచినయెడల ఆ ఊపు తగ్గును. కావడి మోయువాడు బద్ద యూగు తీరునకు తన నడకను సరిపెట్టుకొనును. ఊయెల నూపు తల్లి అది తనవైపు వచ్చి మరలు క్షణమునందే చేయి తగిలించును. ఆ వేళకు తగిలిన చిన్న తోపులే ఒకదానిపై నొకటి చేరి పెద్ద ఊపగును. వేళ తప్పి తోసినచో ఊయెల ఆగిపోవును.

ఊయెలకు వలెనే ప్రతి దూలమునకును, ప్రతి నేలకును తనదైన ఊపొకటి కలదు. ఒకమారు కొట్టి విడిచినయెడల అది సెకనుకిన్ని మారులని ఊగును. బిగువుగల పొట్టి దూలము వడివడిగా ఊగును. బరువును పొడవును గల సడలు దూలము మెల్లగా ఊగును. దీనికి ఇంజనీరులొక సులభమైన లెక్క చెప్పుదురు. తన బరువుచేతను, తనపై నుండు నేల బరువుచేతను దూలము నడుమ 5 మిల్లీమీటర్లు క్రుంగినచో అది సెకనుకు ఇంచుమించు 8 మారులు ఊగును. 20 మిల్లీమీటర్లు క్రుంగినచో ఇంచుమించు 4 మారులు మాత్రమే ఊగును. ఇక మనుష్యుడు మామూలుగా నడచునపుడు సెకనుకు రెండడుగులు వేయును. నేల ఊపు సెకనుకు నాలుగైనపుడు ఒక ఊపు విడిచి యొక ఊపునకు అడుగు సరిగా తగులును. తల్లి చేయి ఊయెలకు తగిలినట్లే యగును. ఈ కలయికకు శాస్త్రజ్ఞులు అనునాదమని పేరు పెట్టిరి.

ఈ కలయిక బలమెట్టిదో లోకమునకు గట్టిగా చాటినవి వంతెనలు. ఇంగ్లండులో మాంచెస్టరు పట్టణ సమీపమున బ్రాటన్ అనుచోట ఇర్వెల్ నదిపై ఇనుప గొలుసులతో వ్రేలాడు వంతెన యొకటి యుండెను. 1831వ సంవత్సరము ఏప్రిల్ 12వ తేదీన 74 మంది సిపాయిలు దానిమీదుగా వరుసలు తీరి పోవుచుండిరి. తమ యడుగులకు వంతెన ఊగుట వారికి వేడుకగా తోచెను. కవాతు పాటను ఈలవేయుచు ఆ ఊపునకు తగినట్లు మఱింత గట్టిగా అడుగులు వేసిరి. వంతెనను పట్టియుంచిన ఇనుప శీల యొకటి తెగి, ఇంచుమించు 40 మంది నీటిలో పడిరి. అచ్చట నీరు లోతులేదు. కాళ్లు చేతులు విఱిగినవారుండిరి కాని ఎవ్వరును చనిపోలేదు. ఆ శీల ముందే లోపముగలదని తేలినను, అటుపిమ్మట వంతెనలపై అడుగు కలుపక విడివిడిగా నడువవలెనని ఇంగ్లీషు సైన్యమునకు ఉత్తరువైనది.

ఫ్రాన్సుదేశములో ఆంజే నగరమందు జరిగినది ఇంతకంటె ఘోరము. 1850 ఏప్రిల్ 16వ తేదీన పెనుగాలి వీచుచుండగా 480 మందికి పైబడిన సైనికులు మేన్ నదిపై నున్న వ్రేలాడు వంతెన నెక్కిరి. వారు అడుగు కలుపక యెడముగానే నడచుచుండిరి. అయినను వంతెన గాలికి ఊగుచుండుటచే నిలదొక్కుకొనుటకై తెలియకయే అందఱును ఆ ఊపు ననుసరించి కాళ్లు వేసిరి. త్రుప్పుపట్టిన ఇనుప త్రాళ్లు తెగెను. ఇన్నూఱుమందికి పైగా మరణించిరి. మనుష్యుడు కదలు నేలపై నిలిచినపుడు తన యిచ్ఛ లేకయే దాని ఊపులో కలియునని ఈ దుఃఖకథ వలన తెలియుచున్నది. 2000 సంవత్సరము జూన్ 10వ తేదీన లండను నగరములో థేమ్సు నదిపై తెఱచిన క్రొత్త కాలినడక వంతెన కూడ ఇట్లే జనుల నడకకు ప్రక్కలకు ఊగెను. రెండు దినములకే దానిని మూసి, ఊపు నణచు యంత్రములనమర్చి, 2002 ఫిబ్రవరిలో మరల తెఱచిరి.

ఇవి కూలుటకును కూలుదుమను భయమునకును సంబంధించిన కథలు. కూలని నేలయు నివాసమునకు పనికిరాకపోవచ్చునని స్పష్టముగా వ్రాసినవారిలో పూర్వుడొక వడ్రంగి. అతని పేరు థామస్ ట్రెడ్‌గోల్డ్. 1788లో ఇంగ్లండు ఉత్తరభాగమున డరమ్ సమీపమందు జన్మించి, చిన్ననాడే కొయ్యపనిలో కుదిరి, పగలు ఉలి పట్టి రాత్రి పుస్తకము పట్టి స్వయముగా గణితము నేర్చెను. 1820లో వడ్రంగము యొక్క మూలసూత్రములను గూర్చి పెద్ద గ్రంథమును ప్రకటించెను. 1829లో మరణించెను. పొడవుగా సాగు దూలములను లోతుగా చేయవలెనని ఆయన బోధించెను. అట్లు చేయనియెడల నేలపై నొకరు కదలినచో గదిలోని సమస్త వస్తువులును కదలునని కారణము చెప్పెను. దూలము విఱుగునని యాయన యిచ్చట చెప్పలేదు; గదిలో నుండువారికి ఇబ్బంది యగునని చెప్పెను. సొంతముగా నేలలు వేసినవాడు, వేసిన నేలపై నడచినవాడు గనుక ఆయనకది తెలిసెను.

ట్రెడ్‌గోల్డ్ వెనుక వచ్చినవారు ఆ కారణమును మఱచి కొలతను మాత్రము పట్టుకొనిరి. దూలము పొడవులో 360వ వంతుకంటె నెక్కువ వంగరాదను నియమము ఇంగ్లీషు దేశములలో వ్యాపించెను. అనగా 15 అడుగుల దూలము అరయంగుళమునకు మించి వంగరాదు. ముప్పది అడుగులదానికి ఒక యంగుళము. ఈ నియమము నిలుచుటకు ముఖ్యకారణము క్రింది గది కప్పునకు పూసిన సున్నపు గార పగులకుండుట. గారకు నొప్పి కలుగకుండ కాపాడు కొలత యేర్పడెను గాని, మనుష్యునికి నొప్పి కలుగకుండ కాపాడు కొలత యేర్పడలేదు. నేను పాఠశాలలో ఇసుక బస్తాలతో పరీక్షించినది ఈ గార కొలతనే. ఇసుక బస్తాలు నడువవని నాకప్పుడు తోచలేదు.

అయినను నూఱేండ్లకు పైగా ఆ లోపము చాలవఱకు బయటపడలేదు. పాతకాలపు కట్టడములు తమ నిర్మాణము చేతనే అదురును మ్రింగుచుండెను. ఇందుకు పరదేశపు సాక్ష్యమక్కఱలేదు. మన యిండ్లనే తలచుకొనుడు. రాయలసీమలోను తెలంగాణములోను కట్టిన మట్టిమిద్దెలలో దూలములపై దగ్గఱదగ్గఱగా వాసములు పఱచి, వానిపై కట్టెలో బండలో పేర్చి, ఆ పైని చౌడుమన్ను మందముగా పోసి దిమ్మిస చేయుదురు. ఆ మిద్దెపై ధాన్యమారబోయుదుము, వేసవిరాత్రులు పండుకొందుము. చెన్నపట్టణమునందును కోస్తా పట్టణములలోను మద్రాసు టెర్రసు అను పేర ప్రసిద్ధమైన కట్టుబడిలో టేకు వాసములపై సన్నయిటుకలను అంచుమీద నిలిపి సున్నముతో బిగించి, పైని ఇటుకముక్కల సున్నపు కాంక్రీటును కొట్టి గట్టిపఱచెడివారు.

ఈ రెండింటిలోను మూడు గుణములున్నవి. దూలమునకు తగిన మ్రాను పొడవు దొరకుట దుర్లభము గావున గదులు చిన్నవి. మన్ను, సున్నము, ఇటుక గావున నేల మిక్కిలి బరువైనది; ఒక మనిషి అడుగు దానికి లెక్కలోనిది కాదు. ఇక మూడవది ముఖ్యమైనది. మన్నును సున్నమును ఊపును తమలో నణచుకొనును. కంచు గంటను కొట్టినచో చాలసేపు మ్రోగును. మట్టికుండను కొట్టినచో వెంటనే ఆగును. మన పాత మిద్దెలు మట్టికుండవంటివి. పలకలతో కట్టిన తేలిక మేడలు మాత్రము అప్పుడును అదరుచునే యుండెను. పిల్లవాడు పైని పరుగెత్తిన క్రింది గూటిలోని చెంబులు గలగలలాడుట కొందఱెఱిగినదే.

ఇరువదవ శతాబ్దమున కట్టుబడి మాఱెను. ఉక్కు దొరికెను, దూరపు గోడలను సన్నని దూలముతో కలుపగల్గిరి. రెండవ ప్రపంచయుద్ధమునకు తరువాత అమెరికాలో సన్నని ఉక్కు వాసములపై పలుచని కాంక్రీటు పఱచి, విశాలమైన కార్యాలయములును పాఠశాలలును వేనవేలుగా కట్టిరి. ఉక్కు మిగిలెను, ధనము మిగిలెను, కాలము మిగిలెను. నేలలు 360వ వంతు నియమమును పాటించెను. కాని వానిలో పనిచేయువారు ఫిర్యాదు చేయసాగిరి. బల్ల అదురుచున్నది, దీపము ఊగుచున్నది, కడుపులో త్రిప్పుచున్నది అని చెప్పిరి. లెక్కలు చూచి, నేల గట్టిదేయని వారికి బదులు చెప్పిరి. ఆ బదులు మీరింతకుముందే నా నోట వింటిరి.

మనుష్యుడు అదురును ఎంతవఱకు సహింపగలడో కొలువవలెనను తలంపు జర్మనీ దేశములో గొప్ప ఫలమునిచ్చెను. 1931లో రైహరు, మైష్టరు అను ఇద్దఱు శాస్త్రజ్ఞులు కదలు బల్లపై మనుష్యులను నిలువబెట్టియు పండుకొనబెట్టియు, బల్లను మెల్లగాను వడిగాను, కొంచెముగాను ఎక్కువగాను ఊపి, వారికేమి తోచుచున్నదో అడిగి వ్రాసికొనిరి. తెలియనే తెలియనిది మొదలు సహింపరానంత బాధ కలిగించునది వఱకు మెట్లు మెట్లుగా ఒక కొలమానము నేర్పఱచిరి. ఈ పని యొక్క ఘనత యంతయు ఒక్క విషయములో నున్నది. అంతవఱకు సాక్ష్యము చెప్పుటకు దూలమునే పిలిచిరి. వీరు మనుష్యుని పిలిచిరి. అతని మాటను వ్రాసి, దానిని అంకెతో సరిచూచిరి.

అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయమందు పరిశోధన చేసిన కెన్నెత్ లెంజెన్ 1966లో ఈ కొలమానమును ఇండ్ల నేలలకు సరిపెట్టెను. జర్మనీ బల్ల ఎడతెగక ఊగినది. నడకవలన కలుగు అదురు అట్టిది కాదు. పుట్టి, క్రమముగా చల్లాఱును. ఇట్లు త్వరగా చల్లాఱు అదురును మనుష్యుడు పదిరెట్లు అధికముగా సహించునని ఆయన కొలమానమును మార్చెను. దీనినిబట్టి ఒక గొప్ప సంగతి తేటపడినది. నేల యెంత అదిరినదను ప్రశ్న ఒక్కటి చాలదు. ఎంత శీఘ్రముగా అదురు మానినదనియు అడుగవలెను. గంటవలె మ్రోగు నేల బాధించును. కుండవలె ఆగు నేల బాధింపదు.

గదిలో నేల నుండి కప్పు వఱకు కట్టిన అడ్డుగోడలు అదురును బాగుగా మ్రింగును. బీరువాలు, పుస్తకముల బరువులు, కాగితపు కట్టలు కొంత మ్రింగును. ఖాళీగది ఏమియు మ్రింగదు. ఇందుకొక వింత యుదాహరణము కలదు. పూర్వపు కార్యాలయములలో దస్తావేజుల కట్టలును బరువైన బీరువాలును నిండియుండెడివి. గణకయంత్రములు వచ్చిన పిదప కాగితములు పోయెను, అడ్డుగోడలు పోయెను. లోగడ ఎవ్వరును తప్పుపట్టని రకపు నేలలే అదరుచున్నవని ఫిర్యాదులు వచ్చినవి. ఇంజనీరులిప్పుడు కాగితములు లేని కార్యాలయమునకు వేఱు లెక్క కట్టుచున్నారు.

స్వీడనులో స్వెన్ ఓల్‌సన్ 1982లో తేలికపాటి నేలల అదురును గూర్చియు దానివలన మనుష్యులకు గలుగు అసౌఖ్యమును గూర్చియు వ్రాసిన పరిశోధన గ్రంథము ఐరోపా కొయ్య నేలల నియమములకు దారిచూపెను. భవనములలోని అదురు మనుష్యులకు ఎట్లు తగులునో నిర్ణయించు అంతర్జాతీయ ప్రమాణమొకటి 1989లో వెలువడెను. 1997లో థామస్ మర్రే, డేవిడ్ అల్లెన్, ఎరిక్ ఉంగర్ అను మువ్వురు కలిసి అమెరికా ఉక్కు కట్టుబడి సంస్థ కొఱకు ఒక మార్గదర్శిని రచించిరి. దానిని 2016లో మరల సవరించిరి. మన దేశములో 2007లో ప్రకటితమైన ఉక్కు కట్టడముల ప్రమాణము, ఐ.ఎస్. 800 అనబడునది, నేల అదురును గూర్చి ప్రత్యేకముగా నొక అనుబంధము కలిగియున్నది.

1997 నాటి మార్గదర్శినిలోని కొలతలు మనము తెలిసికొనదగినవి. వస్తువు క్రిందికి పడునపుడు భూమి దానిని లాగు వేగవృద్ధి కలదు గదా. ఇంటిలోను కార్యాలయములోను నేల అదురు ఆ వేగవృద్ధిలో నూటికి అరవంతు మించరాదని ఆ గ్రంథము నిర్ణయించెను. అంగళ్ల సముదాయములలో దానికి మూడు రెట్లు సహింపవచ్చును. బయలునందలి కాలినడక వంతెనపై పది రెట్లు సహింపవచ్చును. అదురు ఒక్కటే, సహనము వేఱు. నడచువాడు తానే కదలుచున్నాడు గనుక నేల కదలికను గమనింపడు. కదలక కూర్చుండి వ్రాయువానికిని, సూది పట్టినవానికిని, నిద్రకై వేచియున్న రోగికిని అదే కదలిక బాధయగును.

నూటికి అరవంతు అనగా ఎంత కదలిక? నేల సెకనుకు 5 మారులు ఊగుచున్నచో అది మిల్లీమీటరులో ఇరువదవ వంతు మాత్రమే మీదికి లేచి, అంతే క్రిందికి దిగును. సన్నని వెండ్రుక మందమంత! అంత స్వల్పమైన కదలికను మన శరీరము పసిగట్టును. సెకనుకు నాలుగు మొదలు ఎనిమిది వఱకు గల ఊపులు మనకు మిక్కిలి బాధాకరములు. మన కడుపులోని అవయవములును ఇంచుమించు ఆ వేగముననే ఊగు స్వభావము గలవి గనుక. పాఠశాల పంతులమ్మగారికి తల తిరుగుటకు కారణము మనసులోని భయము కాదు. ముప్పది అడుగుల సన్నదూలముల నేల, అడ్డుగోడలు లేని ఖాళీగది, నడచు పిల్లల గుంపు ఇవి కలిసి ఆమె శరీరమునకు తెలియజేసిన సత్యమది. నా కొలబద్ద కంటె ఆమె శరీరము సూక్ష్మమైన యంత్రము.

ఒక్కొక్కప్పుడు అదురు పుట్టినచోటు ఒకటి, తెలిసినచోటు వేఱొకటి. కొరియాదేశపు రాజధాని సియోలులో టెక్నోమార్టు అను 39 అంతస్తుల భవనము కలదు. 2011 జులై 5వ తేదీన దాని పై యంతస్తులు ఇంచుమించు పది నిమిషములు ఊగెను. భూకంపము లేదు, పెనుగాలి లేదు. వందలకొలది జనులు భయపడి బయటికి పరుగెత్తిరి. భవనమును రెండు దినములు మూసివేసిరి. నిపుణులు విచారింపగా, 12వ అంతస్తులోని వ్యాయామశాలలో సుమారు ఇరువదిమంది సంగీతమునకు అనుగుణముగా ఒక్కపెట్టున గెంతుచు కసరత్తు చేయుచుండిరని తేలెను. ఆ కసరత్తునే మరల చేయించి చూడగా పై యంతస్తులు మరల ఊగెను. వారి గెంతుల వేగము భవనపు సొంత ఊపుతో కలిసినది. ఇరువదిమంది మనుష్యులు 39 అంతస్తుల నూపిరనిన బలముచేత గాదు, తాళముచేత.

ఈ కథ మన యూళ్లకు దూరమైనది కాదు. మట్టిమిద్దెలు పోవుచున్నవి. పల్లెలలోను మేడలు లేచుచున్నవి. పాఠశాలకు పై యంతస్తు వేయుచున్నాము. పెండ్లిమండపములు మేడమీద కట్టుచున్నాము. గది యెంత పెద్దదైన అంత గొప్పయని తలంచుచున్నాము. కాంక్రీటు పలక మందముగా, దూలములు లోతుగా నున్నంతవఱకు భయము లేదు. ఖర్చు తగ్గించుటకై దూలములను సన్నగించి, స్తంభములను తీసివేసి, అట్టి నేలపై నూఱుగురు కలిసి కోలాటము వేసినచో అదురు పుట్టకుండునా? కావున కట్టించువారికి నాలుగు మాటలు చెప్పుచున్నాను.

మొదటిది: గోడకును గోడకును నడుమ దూరము పెఱిగినకొలది అదురు పెఱుగును. పెద్ద గదియే కావలసినచో దూలములను లోతుగా వేయుడు, లేదా నడుమ స్తంభము నిలుపుడు. రెండవది: గెంతుట, ఆడుట, కసరత్తు చేయుట నేలయంతస్తులో నుండవలెను, చదువు, కుట్టుపని, రోగి మంచము వీనిని మేడపై నుంచినను గది నడుమ గాక గోడదాపున నుంచవలెను. నేల నడుమ అదురు ఎక్కువ, గోడ కడ తక్కువ. మూడవది: అదురు నణచుటకని నేలపై బస్తాలు పేర్చరాదు. బరువు వలన అదురు తగ్గునో లేదో కాని, దూలమునకు మాత్రము భారము పెఱుగును. క్రిందినుండి దూలము నడుమ స్తంభము నిలుపుట, తగిన చోట అడ్డుగోడ కట్టుట మేలైన ఉపాయములు. అవియైనను తెలిసినవానిని అడిగి చేయవలెను.

నాలుగవది ముఖ్యము. కట్టిన నాటినుండి ఒకే తీరున అదరు నేల వేఱు, నిన్నమొన్నటినుండి క్రొత్తగా అదరు నేల వేఱు. మొదటిది చాలవఱకు నెమ్మది లేనితనము. రెండవది అపాయపు సూచన కావచ్చును. అదురుతోపాటు పగుళ్లు కనబడినను, ఇనుము త్రుప్పుపట్టి పెచ్చులూడినను, తలుపులు క్రొత్తగా పట్టివేసినను, ఆ గదిని వెంటనే ఖాళీచేసి ఇంజనీరును పిలువవలెను. ఆలస్యము చేయరాదు.

ఇక నా కథ ముగింపు. ఆ పాఠశాలను చూచి వచ్చిన మూడేండ్లకు ఒక కళాశాల గ్రంథాలయములో లెంజెన్ వ్రాసిన వ్యాసము నా చేతికి దొరకెను. దాని తేదీ 1966. నేను ఆమె మాటను భ్రమయని వ్రాయుటకు పదమూడేండ్లు ముందే ఆ మాట నిజమని అచ్చుపడియున్నది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఉదయమున లేచి, నా వెనుకటి నివేదిక తప్పనియు, ఆ గది దూలముల క్రింద స్తంభములు నిలుపవలెననియు అధికారులకు వ్రాసితిని. ఒక యేడాదికి ఆ పని జరిగెను.

పని ముగిసిన పిమ్మట నేను మరల పోతిని. ఈ మారు ఆదివారము పోలేదు. పిల్లలు నిండుగా నున్న వేళ ఆ పంతులమ్మగారి కుర్చీలో కూర్చుంటిని. గంట మ్రోగగా పిల్లలందఱు బిలబిలలాడుచు నడచిపోయిరి. బల్లపై గ్లాసులోని నీరు నిలుకడగా నుండెను. కాని ఆమె అచ్చట లేదు. అంతకుముందే వేఱొక యూరికి బదిలీయై పోయెను. క్రింది గదిలో పాఠము చెప్పు పంతులమ్మ యొకరు, "ఈ స్తంభము నడుమ అడ్డమై నల్లబల్ల కనబడకున్నదండీ. ఎవరు పెట్టించినారో!" అని విసుగుకొనెను. నేను పెట్టించితినని చెప్పి, నల్లబల్లను ప్రక్కగోడకు మార్పించి వచ్చితిని. అడిగినవారి మాట వినవలెనని అప్పటికి నేర్చితిని.

నేల పడునా నిలుచునా యని దూలము నడుగవచ్చును. అందుండువారు సుఖముగా నున్నారా యని దూలము నడుగరాదు, వారినే అడుగవలెను. అడుగునపుడు వారికి ఇబ్బంది కలుగు వేళనే పోయి, వారు కూర్చున్నచోటనే కూర్చుండి అడుగవలెను. మీ యింటిలో మేడమీద పండుకొన్న ముసలివారు ఎవరైనను "నేల అదురుచున్నది, నిద్ర పట్టుట లేదు" అన్నచో, వయసువలని చాదస్తమని త్రోసివేయకుడు. ఆ మంచముపై ఒక రాత్రి మీరు పండుకొని చూడుడు.